పక్క సీటు

"ఎర్ర లైటు దాటాల్సొస్తే నీతోనే దాటుతరా చక్రీ. ఇంకెవ్వనితోని దాట. ఖుదా కసం."

ఈ మాట ఫుర్ఖాన్ నాకు ఆరేళ్ళ కిందట ఇచ్చాడు. బోధన్‌లో వాళ్ళ నాన్న అయ్యూబ్ చాచాకు మొబైల్ రిపేరు దుకాణం ఉంది. దాని వెనక కిటికీ లేని ఒక గది. అందులో పాత టీవీ, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, దుబాయ్ నుంచి తిరిగొచ్చినవాడెవడో వదిలించుకుపోయిన వీడియో గేమ్ పెట్టె. అప్పుడు మేమిద్దరం ఇంటర్ ఫెయిలవడానికి దీక్షగా కృషి చేస్తున్నాం.

నా పేరు చక్రవర్తి. మాది బోధన్ పక్కన క్యాంపు. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి కాలవ నీళ్ళ కోసం వచ్చి చెరుకు వేసుకుని ఇక్కడే ఉండిపోయినవాళ్ళం. రాజులూ రాజ్యాలూ పోవాలని మైకు పట్టుకుని అరిచేవాడికి ఈ పేరేంట్రా అని ఫుర్ఖాన్ నవ్వేవాడు. నవ్వితే వాడి కింది పెదవి ఒకవైపే సాగేది.

మేం ఆడిన ఆట పేరు 'పోర్ట్ మొరేనో'. సముద్రం పక్కన ఒక పెద్ద నగరం. నువ్వందులో నేరగాడివి. కనిపించిన బండి ఎక్కొచ్చు, కనిపించిన రోడ్డు పట్టొచ్చు, ఆగొచ్చు, ఊరికే వానలో నిలబడి రేడియో వినొచ్చు. విడుదలై పదేళ్ళు దాటినా జనం ఇంకా ఎందుకు ఆడుతున్నారని అడిగితే చాలామంది తుపాకుల పేర్లు చెబుతారు. అది అబద్ధం. నేను నిజం చెబుతాను. ఆ నగరంలో నిన్నెవరూ 'మీది ఏ ఊరు' అని అడగరు. బోధన్‌లో నేను ఆంధ్రావాణ్ణి. గుడివాడలో పెళ్ళికి పోతే తెలంగాణవాణ్ణి. నాలుగు తరాలుగా బోధన్‌లోనే ఉన్న ఫుర్ఖాన్‌ను కూడా బ్యాంకులో రెండుసార్లు చూసి ఒకసారి మాట్లాడేవారు. పోర్ట్ మొరేనోలో మాకు ఏ చిరునామా అక్కర్లేదు. అందుకే ఆడాం. ఆరేళ్ళు.

లోపాలు లేవని కాదు. ఆ లోపాల మీద నేనొక వ్యాసం కూడా రాశాను, ఏ పత్రికా వేయలేదు. నగరంలో తలుపులు సగానికి పైగా గోడ మీద గీసిన బొమ్మలే. ఊరంతా దోచుకోవచ్చు గానీ ఒక్కరోజు కూలికి పోవడానికి వీల్లేదు. ఆడవాళ్ళు వీధి మూలల్లో నిలబడటానికే పుట్టారు. వేలమంది జనానికి మొత్తం తొమ్మిది ముఖాలు. లెక్కపెట్టాం. పేదవాడికి అందులో రెండే. బండికి రంగు మారిస్తే పోలీసులు హత్యను కూడా మరిచిపోతారు.

"గిది లోపం గాదురా," అనేవాడు ఫుర్ఖాన్. "గిదొక్కటే నిజం తీర్ల పెట్టిండ్రు."

అన్నిటికంటే పెద్ద అబద్ధం చావు. ఆ ఆటలో చస్తే నల్ల తెర పడుతుంది. మూడు సెకన్ల తర్వాత నగరాస్పత్రి గేటు ముందు లేచి నిలబడతావు.

ఇద్దరూ కలిసి ఆడే పద్ధతి అందులో ఉంది. ఒకడు నడుపుతాడు, ఒకడు పక్క సీట్లో కూర్చుంటాడు. స్టీరింగు ఎప్పుడూ ఫుర్ఖాన్‌దే. మ్యాపూ రేడియోనూ నావి. మొదటి నెలలోనే నేనొక నియమం పెట్టాను. చట్టం తొక్కడమే ఆనందమని నేర్పే చోట చట్టం పాటించడమే తిరుగుబాటు కాబట్టి, ఎర్ర లైటు పడితే మన బండి ఆగాలి. వెనక పోలీసులు కాల్చనీ, ఆగాలి.

"పిచ్చోడివి బే," అన్నాడు ఫుర్ఖాన్. కానీ ఆగాడు. ఆరేళ్ళూ ఆగాడు.

దానివల్లే ఆఖరి మిషన్ మాకు ఎప్పుడూ పూర్తి కాలేదు. దీపస్తంభం నుంచి ఓడరేవుకు ఏడు నిమిషాల్లో చేరాలి. దారిలో పదకొండు సిగ్నళ్ళు. ఆగుతూ పోతే తొమ్మిది నిమిషాలు. ఆట తొంభై ఏడు శాతం దగ్గర నిలిచిపోయింది. చూడటానికి వచ్చినవాళ్ళు నవ్వి పోయేవాళ్ళు. ఒకరోజు నాకే అనుమానం వచ్చి, నేను లేనప్పుడు దాటి చూశావా అని అడిగాను. అప్పుడు ఇచ్చాడు, పైన రాసిన మాట.

మొన్న నవంబర్‌లో, చెరుకు నరుకుడు మొదలైన వారానికి, ఎడపల్లి రోడ్డు మీద ఒక చెరుకు ట్రాలీ చెడిపోయి ఆగి ఉంది. పొద్దుగూకుతున్న వేళ. మావాళ్ళకు ఒక అలవాటు ఉంది. బండి చెడిపోతే వెనక నాలుగు అడుగుల దూరంలో చెరుకాకు పరిచి, అదే హెచ్చరిక అనుకుని టీ తాగడానికి పోతారు. చీకట్లో చెరుకాకు రోడ్డు రంగులోనే ఉంటుందని ఎవరికీ తోచదు. ఆ దారినే బైకు మీద వచ్చాడు ఫుర్ఖాన్, ఎర్ర లైటు చూస్తే ఆగేవాడు. ఆ ట్రాలీ వెనక ఎర్ర లైటే లేదు.

నిజామాబాద్ ఆస్పత్రి గేటు ముందు తెల్లవారే దాకా నిలబడ్డాను. అక్కడ ఎవరూ లేవలేదు.

నలభయ్యో రోజు ఫాతెహా, చాలీస్వాఁ, అయ్యాక చాచా దుకాణం మళ్ళీ తెరిచాడు. వెనక గది మాత్రం తాళం. తాళంచెవి నా చేతిలో పెట్టి, "నీ ఇష్టం బేటా. ఆడుకో, లేకుంటే తీస్కపో. నాతోని గాదు," అన్నాడు. నేను ఆడలేదు, తీసుకుపోనూ లేదు. తాళంచెవి జేబులో వేసుకుని తిరిగాను.

జనవరి మూడో వారంలో ఫుర్ఖాన్ చెల్లెలు రుక్సార్ నన్ను పాత బస్టాండ్ దగ్గర ఆపింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. వాళ్ళ ఇల్లు దుకాణం మీదే, పై అంతస్తు.

"చక్రీ భాయ్, అబ్బా జుహర్ నమాజ్‌కు పోయినంక లోపల ఆడుతున్నవా?"

"లేదు. ఎందుకు?"

"రోజు చప్పుడొస్తున్నది. కారు చప్పుడు. నువ్వే అనుకొని అమ్మీ చాయ్ పెట్టాల్నా అని అడుగుతున్నది."

ఇద్దరం వెళ్ళి తాళం తీశాం. తాళం వేసినట్టే ఉంది. టీవీ మీద దుమ్ము పేరుకున్నట్టే ఉంది. పెట్టె వెలిగించి సేవ్ చేసిన ఆటల పట్టిక చూశాను. ప్రతి సేవ్ పక్కనా తేదీ, శాతం, డ్రైవర్ పేరు, పక్క సీటు పేరు వస్తాయి. ఆ పెట్టెకు ఇంటర్నెట్ లేదు. ఎక్కడో కూర్చుని ఎవడూ ఆడటానికి వీల్లేదు.

మా పాత సేవ్: నవంబర్. తొంభై ఏడు. ఫుర్ఖాన్. చక్రి.

దానిపైన కొత్తది: జనవరి 14. తొంభై తొమ్మిది. ఆఖరి మిషన్ పూర్తి. సమయం ఆరు నిమిషాల యాభై ఒక్క సెకన్లు.

డ్రైవర్: ఫుర్ఖాన్. పక్క సీటు దగ్గర ఏమీ లేదు. ఖాళీ. పేరు కొట్టకుండా వదిలితే ఆ ఆట ఒప్పుకోదు. మేం ఎన్నోసార్లు ప్రయత్నించాం. పక్కన ఎవడో ఒకడు కూర్చోనిదే ఆఖరి మిషన్ మొదలే కాదు.

నిజం చెప్పాలి. ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. నా చూపు ఆరు నిమిషాల యాభై ఒక్క సెకన్ల మీదే ఆగిపోయింది. అంటే పదకొండు లైట్లూ దాటారు. నాతో ఆరేళ్ళు నిలిచిన నియమం, ఎవడితోనో ఏడు నిమిషాల్లో పోయింది. ఎవడు వాడు?

నిజామాబాద్‌లో ఫుర్ఖాన్ పిన్ని కొడుకు ఇస్రార్ ఉంటాడు, బట్టల షాపులో పని. ఫుర్ఖాన్ బతికుండగా కూడా వాడంటే నాకు పడేది కాదు. పండక్కి వచ్చి నా కుర్చీలో కూర్చునేవాడు. అదే రోజు బస్సెక్కి పోయి, షాపు బయటకు పిలిచి కాలర్ పట్టుకున్నాను.

"దొంగ తాళంచెవి చేయించుకున్నావా? చచ్చినవాడి పేరు పెట్టుకుని ఆడతావా?"

"ఛోడ్ యార్!" ఇస్రార్ నా చెయ్యి విదిలించాడు. "బోధన్‌కు నేనొచ్చి నెలైంది. చాలీస్వాఁకు వచ్చినోణ్ణి మళ్ళ రాలే. గా పాత డబ్బా ఆట ఎవడాడుతడు? మనుషులందరిది ఒకటే మూతి. నడుస్తుంటే గోడల ఇరుక్కుంటది. మీరిద్దరే పాగల్‌గాళ్ళు, లైటు కాడ ఆగుకుంట."

"అట్లయితే వాడి పక్క సీట్లో కూర్చుని ఎవడాడాడు?"

వాడి గొంతు తగ్గింది.

"చక్రీ, నీకు బాధ వాడు పోయిండనా? ఇంకోనితోని ఆడుతుండనా?"

సమానత్వం, సమష్టి, పంచుకోవడం... నోటికొచ్చిన నినాదాలన్నీ బస్సులో తిరిగొస్తూ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు. భూమి పంచమని అరిచినవాణ్ణి, కారులో ఒక సీటు పంచలేకపోయాను.

జనవరి 28. మధ్యాహ్నం రెండు. చాచా మసీదుకు పోయాడు. రుక్సార్‌తో పైన ఉండమని చెప్పి, వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకున్నాను. బయట రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు పోతున్నాయి. ఒక్కొక్కదానికి రెండేసి స్పీకర్లు, పాటలు. గోడలు సన్నగా అదురుతున్నాయి. గదిలో పాత సోల్డరింగ్ వాసన, ప్లాస్టిక్ కాలిన వాసన, మూలన తడి గోనెసంచి వాసన. లైటు వేయలేదు. టీవీ వెలుగే చాలు.

ఎడమ కుర్చీ ఫుర్ఖాన్‌ది. వాడి రిమోట్ అందులోనే ఉంది, వైరు చుట్టి. నేను కుడి కుర్చీలో కూర్చుని నా రిమోట్ పట్టుకున్నాను. జనవరి 14 సేవ్ తెరిచాను.

ఆ ఆటలో సేవ్ చేయాలంటే మన ఇంటికే పోవాలి. కాబట్టి తెరిస్తే ఇంట్లోనే మొదలవుతుంది. ఎప్పుడూ అంతే.

ఇది ఆస్పత్రి గేటు ముందు మొదలైంది.

నగరంలో రాత్రి. వాన. నా బొమ్మ పసుపు జాకెట్‌తో పేవ్‌మెంట్ మీద ఒంటరిగా నిలబడి ఉంది. రోడ్డు మీద జనం లేరు. ఆ నగరంలో జనం లేని రోడ్డు నేనెన్నడూ చూడలేదు. రేడియో కూడా లేదు. వాన చప్పుడొక్కటే.

బయటి ట్రాక్టర్ల చప్పుడు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.

అప్పుడు వాసన వచ్చింది. మొదట గోనెసంచి అనుకున్నాను. కాదు. ఉప్పు. కుళ్ళిన నాచు. తడి తాళ్ళు. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊరి నుంచి మంగినపూడి సముద్రానికి తీసుకుపోతే తెలిసిన వాసన. ఫుర్ఖాన్ సముద్రం చూడలేదు. ఆడుతూ ఆడుతూ అడిగేవాడు, "సముద్రం వాసన ఎట్లుంటదిరా?" అని. నేను ఎంత చెప్పినా వాడికి అర్థమయ్యేది కాదు.

తెర మీద దూరంగా రెండు దీపాలు. మా కారు. మేం నీలం రంగు వేయించుకున్న కారు. నెమ్మదిగా వచ్చి నా ముందు ఆగింది. ఎడమ కుర్చీలోని రిమోట్ ఒక్కసారి వణికింది.

నేను పక్క తలుపు తీసే బటన్ నొక్కాను.

తెర కింద అక్షరాలు వచ్చాయి. సీటు ఖాళీ లేదు.

ఆరేళ్ళలో ఆ మాట ఆ ఆటలో ఒక్కసారి కూడా చూడలేదు. మళ్ళీ నొక్కాను. సీటు ఖాళీ లేదు. మళ్ళీ. సీటు ఖాళీ లేదు. కారు కదిలింది. నేను పరుగెత్తించాను నా బొమ్మను... వానలో, కారు వెనక, కుక్కలా. సిగ్గు కూడా వేయలేదు.

ముందు సిగ్నల్. ఎర్ర లైటు.

కారు ఆగింది.

నా గుండె ఎంత సంతోషపడిందో రాయలేను. ఆగాడు. నా నియమం. నా కోసమే ఆగాడు. పరుగెత్తి కిటికీ పక్కకు చేరాను. ఆ ఆటలో ఇంకో లోపం ఉంది. కారుకు బాగా ఆనుకుని నిలబడి కెమెరా, అంటే మనం చూసే కోణం, తిప్పితే, అది అద్దంలోంచి లోపలికి దూరిపోతుంది. తిప్పాను.

స్టీరింగు దగ్గర ఫుర్ఖాన్ బొమ్మ. ముందుకే చూస్తోంది.

పక్క సీట్లో...

ఆ నగరంలో తొమ్మిది ముఖాలు. తొమ్మిదీ నాకు కంఠతా వచ్చు.

ఇది పదోది.

వికారంగా ఏమీ లేదు. రక్తం లేదు. మామూలు ముఖం. రోడ్డు మీద కనిపిస్తే దాటిపోయే ముఖం. కానీ ఆ ఆటలో మనుషులు కెమెరా వైపు చూడరు. ఇది చూసింది. కాదు, కెమెరాను కాదు. నేను కుర్చీలో కొంచెం ఎడమకు జరిగాను... ఆ కళ్ళూ జరిగాయి. కుడికి వంగాను... వంగినంత మేరా వచ్చాయి.

"ఫుర్ఖాన్," అన్నాను. "ఫుర్ఖాన్, ఎవడ్రా వీడు?"

ఎడమ కుర్చీ కిర్రుమంది. నేను తల తిప్పలేదు. తిప్పలేకపోయాను. కంటి చివర మాత్రం కనిపించింది... వాడి రిమోట్ మీద బటన్ ఒకటి దానంతటదే లోపలికి నొక్కుకుని ఉంది. బ్రేకు బటన్.

చెవి పక్కనే, చాలా మెల్లగా, ఫుర్ఖాన్ గొంతు.

"ఇప్పుడు గాదురా."

"మరి వీడెవడు? నా సీట్లో ఎందుకున్నాడు?"

జవాబు లేదు. తెర మీద ఆ పక్కవాడు చెయ్యెత్తాడు. ఆ ఆటలో అలాంటి కదలిక లేదు, ఎవరూ గీయలేదు. తొందరేమీ లేకుండా ఫుర్ఖాన్ భుజం మీద చెయ్యి వేశాడు. స్నేహితుడు వేసినట్టు. నేను వేసినట్టు.

బ్రేకు బటన్ పైకి లేచింది.

లైటు ఇంకా ఎర్రగానే ఉంది. కారు దాటిపోయింది.

తలుపు దబదబా మోగింది. రుక్సార్ లోపలికి వచ్చి లైటు వేసింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. నా వైపు చూడలేదు, ఎడమ కుర్చీ వైపు చూసింది. బయట ట్రాక్టర్ పాటలు మళ్ళీ మొదలయ్యాయి, మధ్యలో ఎవరో గొంతు పెంచినట్టు.

"భాయ్ గొంతు విన్న," అంది. "మెట్ల మీదికెళ్ళి విన్న. నిజం చెప్పు. భాయేనా?"

తల ఊపాను.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. మళ్ళీ అంది, చాలా మెల్లగా.

"నీ గొంతు తెలిసింది. భాయ్ గొంతు తెలిసింది. మరి మూడోది ఎవరిది? నువ్వు అడిగినదానికల్ల జవాబు చెప్పుకుంటనే ఉన్నడు గదా. ఏం చెప్పిండు?"

మూడో గొంతేదీ నేను వినలేదు. నేనడిగింది రెండే ప్రశ్నలు. ఆ మూడోవాడు వాటికి జవాబు చెప్పాడట. మెట్ల మీద ఉన్న రుక్సార్‌కు గొంతు వినిపించింది గానీ మాటలు అందలేదు. పక్కనే కూర్చున్న నాకు గొంతే వినిపించలేదు.

ఆమె పైకి పోయాక టీవీ ఆపబోతూ పట్టిక ఇంకొకసారి చూశాను. అందులో ఇంకో సేవ్ చేరింది. నేను చేయలేదు. పెట్టెలో గడియారం తప్పిందేమోనని సరిచూశాను. తప్పలేదు. జనవరి 28, మూడు గంటల పది నిమిషాలు, నా చేతి గడియారంతో సమానంగా ఉంది.

కొత్త సేవ్ తేదీ మాత్రం ఫిబ్రవరి 22.

వంద శాతం. డ్రైవర్: ఫుర్ఖాన్. పక్క సీటు: చక్రి.

మా అమ్మ సుబ్బరత్నానికి ఇదంతా చెబితే, ఆ తేదీన ఇల్లు కదలొద్దని ఒట్టు వేయించుకుంది. రుక్సార్ ఆ పెట్టెను మంజీరలో పడేయమంటోంది. వాళ్ళిద్దరూ నేను ఆ తేదీకి భయపడుతున్నాననుకుంటున్నారు. భయపడుతున్నాను, ఎందుకు దాచాలి. రాత్రుళ్ళు గదిలో దీపం ఆర్పడం మానేశాను. రోడ్డు మీద ట్రాలీ కనిపిస్తే చేలోకి దిగి నడుస్తున్నాను.

కానీ నా తగువు ఆ తేదీతో కాదు. అందుకే ఇది పదిమంది చదివేలా రాస్తున్నాను, నోటీసు గోడకు అంటించినట్టు. ఫుర్ఖాన్, నువ్వు చదువుతావని నాకు తెలుసు. నా పేరు రాశావు, సరే. వంద శాతం నాతోనే అన్నావు, సరే. అప్పటిదాకా నీ పక్కన కూర్చుంటున్నవాడెవడు? వాడితో లైటు ఎందుకు దాటావు? నేనొచ్చిన రోజు వాడు సీటు దిగుతాడా, లేక వెనక సీట్లోకి జరుగుతాడా? నాకు సాకులు వద్దు, సానుభూతి వద్దు. వాడి పేరు కావాలి.

గడువు: 2026 ఫిబ్రవరి 21, సాయంత్రం లోపు.